మేరీ ఎవరి బిడ్డ? ‘మిస్సమ్మ’ నవ్వు మీద ఒక సంవాదం

ఆక్షేపకుడు: రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో జర్మనీలో వచ్చిన చిత్రాలను అక్కడి విమర్శకులు శిథిల చిత్రాలన్నారు, బాంబులకు కూలిన నగరాల మధ్య కెమెరా నిలిపి, నేరం ఎవరిది, నేరగాడు ఇప్పుడు ఏ వేషంలో తిరుగుతున్నాడు అని నిలదీసిన చిత్రాలవి, వాటిలో మొదటిది 1946లో వోల్ఫ్‌గాంగ్ స్టౌటే తీసిన ‘హంతకులు మన మధ్యనే ఉన్నారు’. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ ప్రశ్న వినే ఓపిక జనానికి పోయింది. 1950లో హాన్స్ డెప్పె దర్శకత్వంలో ‘ష్వార్జ్‌వాల్డ్‌మేడెల్’ అనే రంగుల చిత్రం వచ్చింది, నల్ల అడవి పిల్ల అని ఆ పేరుకు అర్థం. కొండలు, పల్లె పండుగ, కుచ్చుల టోపీలు, ఒక ప్రేమకథ, ఎడతెగని పాటలు తప్ప మరేమీ లేని ఆ చిత్రాన్ని కోటి మందికి పైగా చూశారు. ఇటువంటి వాటికి హైమట్ చిత్రాలు, అంటే సొంతనేల చిత్రాలు, అని పేరు వచ్చింది. ఆ చిత్రానికి ఆధారం 1917 నాటి ఒక ఆపరెట్టా, అంటే మాటలూ పాటలూ కలిసి నడిచే తేలికపాటి రంగస్థల నాటకం. దానికి సంగీతం కూర్చిన లేయోన్ యెస్సెల్ యూదుడు, నాజీల రహస్య పోలీసులు పట్టుకుపోయి పెట్టిన హింసకు తాళలేక 1942 జనవరిలో బెర్లిన్‌లో మరణించాడు. ఎనిమిదేళ్ళ తరువాత అదే జనం అదే సంగీతానికి తలలూపుతూ, దాన్ని కట్టినవాడు ఏమయ్యాడని అడగలేదు. తేలికపాటి సంగీత హాస్యచిత్రం మీద ఉన్న అసలు అభియోగం ఇదే: అది అబద్ధం చెప్పదు, అడగవలసినదాన్ని అడగకుండా జోకొడుతుంది. తెలుగులో ఈ అభియోగానికి సమాధానం చెప్పుకోవలసిన చిత్రం ‘మిస్సమ్మ’, ఎందుకంటే ఆ కోవలో దానికంటే బాగా తీసినది మరొకటి లేదు.

సమర్థకుడు: బాగా తీసినదని ఒప్పుకోవడంతోనే వాదంలో సగం తేలికయింది, అయినా మిగిలిన సగమే బరువైనది. విజయా సంస్థ తరఫున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించి, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ‘మిస్సమ్మ’ 1955 జనవరి 12న విడుదలయింది. అప్పారావుపేట జమీందారు తప్పిపోయిన తన పెద్దకూతురు మహాలక్ష్మి పేరిట ఒక బడి పెట్టి, అందులో పాఠాలు చెప్పడానికి పట్టభద్రులైన భార్యాభర్తలే కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేని రావు అనే హిందూ యువకుడు, పెంచిన తండ్రి చేసిన అప్పు వల్ల డేవిడ్ అనే ఋణదాత పెళ్ళి ఒత్తిడిలో చిక్కుకున్న మేరీ అనే క్రైస్తవ యువతి, భార్యాభర్తలమని బొంకి ఆ కొలువు సంపాదిస్తారు. తక్కిన కథంతా ఆ బొంకును నిలబెట్టుకోవడానికి పడే పాట్లే. ఇక జర్మనీ పోలిక సంగతి. అక్కడ నవ్విన ప్రేక్షకుడు, తానో తన తండ్రో చేతులు కలిపిన నేరాన్ని మరిచిపోవడానికి నవ్వాడు. ఇక్కడ, కృష్ణా జిల్లా అంచున జగ్గయ్యపేట వైపు ఉన్న గరికపాడు అనే పల్లె నుంచి వచ్చి ‘మిస్సమ్మ’ చూసిన ప్రేక్షకుడు మరిచిపోవలసిన నేరం ఏది? ఆ ఊరి పొలిమేర దాటితే 1948 సెప్టెంబరు వరకు నిజాం రాజ్యం, ఆ తరువాత 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రం. నందిగామకు ఇవతల పరిటాల చుట్టుపక్కల కొన్ని గ్రామాలు కృష్ణా జిల్లా నడిమధ్యన ఉండి కూడా నైజాం ఏలుబడిలో ఉండేవి, దేశానికి వచ్చిన స్వాతంత్ర్యం తమకు రాకపోయేసరికి తామే ఒక గణతంత్రమని ప్రకటించుకున్నాయి. మునగాల పరగణా అందుకు తిరగబడ్డ బొమ్మలా నైజాం భూముల నడుమ ఉండి కృష్ణా జిల్లా లెక్కలో చేరింది. రజాకార్ల కాలంలో కట్టుబట్టలతో ఇవతలికి వచ్చినవారిని, వారికి అన్నం పెట్టినవారిని, ఆ వెనుకే వచ్చిన సాయుధ పోరాటాన్ని, దాన్ని అణచడానికి దిగిన పోలీసు క్యాంపులను ఆ మెట్ట పల్లెలు చూశాయి. 1951 చివరలో పోరాటం ఆగింది. మూడేళ్ళకు వచ్చిన ఒక నవ్వును పలాయనమని తూలనాడటానికి ముందు, ఆ నవ్వు ఎవరికి దక్కవలసి ఉన్నదో లెక్క చూడాలి.

ఆక్షేపకుడు: ఆ లెక్క న్యాయమైనదే, నవ్వినవారి మీద ఏ అభియోగమూ లేదు, కనుక జర్మనీ పోలికలో ఆ సగాన్ని వెనక్కి తీసుకోవచ్చు. నవ్వించినవారి మీద మాత్రం అది నిలుస్తుంది. జమీందారీలను రద్దు చేసే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చింది. ‘మిస్సమ్మ’ విడుదలైన మరుసటి నెల, 1955 ఫిబ్రవరిలో, ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు కూటమికీ కమ్యూనిస్టులకూ మధ్య భూమి పేరుతోనే ఆ పోరు నడిచింది, 196 స్థానాల సభలో కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. జగ్గయ్యపేట, నందిగామ తాలూకాల్లో గోడ మీద రాతలకు చోటు చాలని ఆ సంక్రాంతికి తెర మీదికి వచ్చిన జమీందారు ఎలాంటివాడు? ఎస్.వి. రంగారావు నటించిన ఆ గోపాలం కడుపున పుట్టిన బిడ్డ కోసం కుమిలే తండ్రి, మోసపోయేటంత మంచివాడు, ఊరికి బడి పెట్టిన దాత. రైతు ఆ చిత్రంలో ఎక్కడా కనిపించడు. పాటలూ సరదా ఉన్నంత మాత్రాన ఇది తప్పనిసరి అనడానికీ వీలులేదు, ఎందుకంటే అదే ఏడాది ఏప్రిల్‌లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’ కౌలురైతును కథానాయకుడిగా నిలబెట్టి, కొసరాజు పాటలతో, మాస్టర్ వేణు బాణీలతో, వహీదా రెహమాన్ నృత్యంతో జమీందారును ఎదిరించింది, అది కూడా ఘనంగా ఆడింది. ఇక్కడ ఒక్క మాట: తండ్రి పేరు నిలపడానికి ఊరు కట్టించడం జగ్గయ్యపేటవారికి కొత్త కాదు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఆ పట్టణాన్ని తన తండ్రి జగ్గయ్య పేరిటే నెలకొల్పాడు. అప్పారావుపేట అటువంటి పేటే, కాకపోతే అక్కడ శిస్తు వసూలు కనిపించదు.

సమర్థకుడు: ‘రోజులు మారాయి’ గొప్పదనాన్ని కాదనే అవసరం లేదు. కానీ శత్రువును శత్రువుగా చూపించడం ఒక పద్ధతి, యజమానిని వెర్రిబాగులవాడిగా చూపించడం మరొక పద్ధతి. గోపాలం మంచివాడే, కానీ చిత్రం నడిచినంతసేపూ తన ఇంట్లో ఏమి జరుగుతున్నదో తెలియని ఒకే ఒక పెద్దమనిషి ఆయనే. నౌకరుగా వచ్చిన దేవయ్యకు, అంటే బిచ్చమెత్తుకునే స్థితి నుంచి రేలంగి ఎక్కివచ్చిన పాత్రకు, జమీందారు కంటే ఎక్కువ తెలుసు. హాస్యం అధికారాన్ని కూలదోయదు, దాని ఎదుట తలవంచుకు నిలబడిన ప్రేక్షకుడి మెడను కాస్త ఎత్తుతుంది. పైగా ఆ బొంకు పుట్టింది దేని నుంచి? బి.ఏ. చదివి ఉద్యోగం లేకపోవడం నుంచి, అప్పు నుంచి. ఏడుస్తూ చెప్పి ఉంటే సమస్యాచిత్రమని పేరు పొందేవి అవే రెండు సంగతులు. ఇక రైతు లేడన్న మాటకు బదులుగా ఉన్నదేమిటో చూడాలి: తన కాళ్ళ మీద నిలబడటానికి ఉద్యోగం వెతుక్కునే ఆడపిల్ల, ఎవరికీ లొంగని కోపం, పెళ్ళి కాని మగవాడితో ఒకే కప్పు కింద నెలల తరబడి ఉండి కూడా ప్రేక్షకుడి గౌరవం పోగొట్టుకోని శీలం. 1955లో ఈ పరిస్థితిని ఏ గంభీరమైన కథలో పెట్టినా ఆ యువతి చివరకు నూతిలో దూకవలసి వచ్చేది.

సంగీతం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే సంగీత హాస్యచిత్రంలో వాదన జరిగేది మాటల్లో కాదు. సాలూరు రాజేశ్వరరావు ఈ చిత్రానికి కట్టిన బాణీలు కర్ణాటక రాగాల మీద నిలబడి, వినేవాడికి అవి రాగాలన్న స్పృహ కలగనంత తేలికగా సాగుతాయి, చక్రపాణి మాటలకు పింగళి నాగేంద్రరావు పాటలు ఎక్కడ అతుక్కున్నాయో కనిపించదు, ఎ.ఎం. రాజా గొంతు మగవాడి దర్పాన్ని పూర్తిగా తీసివేసి, నిష్ఠూరం కూడా బతిమాలుకున్నట్టే వినిపించేలా చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మేరీకి పాడిన పి. లీల ఈ చిత్రంలో ఒక త్యాగరాజ కృతీ పాడింది, మేరీమాతకు ఒక ప్రార్థనా పాడింది. రెండూ ఒకే గొంతు, ఒకే సంప్రదాయం, ఒకే భక్తి. క్రైస్తవ ప్రార్థన పాశ్చాత్య బాణీలోనే ఉండాలన్న నియమాన్నీ, త్యాగరాజ కృతి పాడే అర్హత ఫలానావారికే అన్న నియమాన్నీ ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా ఆ చిత్రం పక్కన పెట్టింది. టూరింగ్ టాకీసులో, అంటే ఊరూరా తిరిగి గుడారం వేసి బొమ్మ ఆడించే సంచార సినిమాలో, నేల టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాడికి ఈ సంగతి ఎవరూ వివరించలేదు. అతడు విన్నాడు, ఇంటికి వెళ్తూ పాడుకున్నాడు.

ఆక్షేపకుడు: ఆ నేల టికెట్టు మీద కూర్చున్నవారందరూ ఒకటి కారు, అక్కడే అసలు చిక్కు ఉంది. మచిలీపట్నం కేంద్రంగా 1841లో మొదలైన చర్చి మిషనరీ సొసైటీ పని, తక్కిన మిషన్ల పని, కాలక్రమంలో కృష్ణా జిల్లా మెట్ట పల్లెల్లోని మాల, మాదిగ వాడలకు చేరి, అక్కడ చర్చీలు వెలిశాయి. ఆ వాడ నుంచి వచ్చి నేల మీద కూర్చున్న ఒక యువతిని ఊహించవలసి ఉంటుంది. తెర మీద తన మతానికి చెందిన కథానాయిక కనిపించింది. చదువుకున్నది, తెలివైనది, ఎవరికీ తలవంచనిది, సావిత్రి అంతటి అందగత్తె. రెండున్నర గంటలు ఆ కథానాయిక తనది. ఆ తరువాత ఏమయింది? అక్కినేని నటించిన రాజు అనే ఔత్సాహిక డిటెక్టివు, అంటే రహస్యాలు కూపీ తీసేవాడు, కాలి మీది పుట్టుమచ్చ పట్టుకుని, మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేల్చాడు. మేరీ క్రైస్తవురాలు కాదు, జమీందారు బిడ్డ, పుట్టుకతో హిందువు. కనుక రావు ప్రేమకు అడ్డేమీ లేదు, నిజానికి ఎన్నడూ లేదు. చిత్రం లేవనెత్తిన ఒకే ఒక్క కష్టమైన ప్రశ్నను ఒక పుట్టుమచ్చతో తుడిచేసింది.

ఇది కాలం చేసిన పరిమితి అని సరిపెట్టుకోవడానికీ వీలులేదు. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ వచ్చింది 1938లో, అంటే పదిహేడేళ్ళు ముందు. చలం కథతో వచ్చిన ఆ చిత్రంలో బ్రాహ్మణ యువకుడు ప్రేమించినది మాలపిల్లనే, ముగింపులో ఆమె ఏ బ్రాహ్మణుడి తప్పిపోయిన కూతురిగానూ తేలలేదు, పెళ్ళి నాటికి కూడా మాలపిల్లగానే ఉన్నది. చట్టం వైపు చూస్తే సంగతి మరింత విచిత్రంగా కనిపిస్తుంది. 1872 నాటి పాత ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచినవారు తమకు హిందూ, క్రైస్తవ, ముస్లిం మతాల వంటివి ఏవీ లేవని ప్రకటించవలసి వచ్చేది. ఎవరి మతంలో వారుండి పౌర వివాహం చేసుకోవడానికి వీలు కల్పించిన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అమల్లోకి వచ్చినది 1955 జనవరి 1న, ‘మిస్సమ్మ’ విడుదలకు పదకొండు రోజుల ముందు. రావు, మేరీ ఎవరి దేవుడిని వారు ఉంచుకుని పెళ్ళాడటానికి ప్రభుత్వం తలుపు తెరిచింది, విజయావారు ఆ తలుపు దాకా కూడా వెళ్ళలేదు. మరోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి షెడ్యూల్డు కులపు హోదా పోయింది. ఆ నేల టికెట్టు యువతికి మతం వల్ల కలిగిన నష్టం కాగితం మీద ఉన్నది, తెర మీది మేరీకి మాత్రం మతమన్నది పొరపాటున తొడిగిన చొక్కా.

సమర్థకుడు: ఈ వాదంలో అన్నిటికంటే బలమైన మాట ఇదే, దీన్ని పూర్తిగా ఖండించడం సాధ్యం కాదు. ముగింపు వెనకడుగే. అయితే వెనకడుగు ఎంత దూరం పడింది, అప్పటికి ముందుకు ఎంత దూరం నడిచింది అన్న రెండు కొలతలూ తీయాలి. రావు ప్రేమించినది మహాలక్ష్మిని కాదు, మేరీని. పుట్టుమచ్చ బయటపడే నాటికి అతడి మనసు స్థిరపడింది, ఆమె అసూయ పాకాన పడింది, ప్రేక్షకుడు వారిద్దరి పెళ్ళి కోరుకోవడం మొదలుపెట్టి చాలాసేపయింది. ఆ కోరిక పుట్టిన క్షణంలో ఆ అమ్మాయి క్రైస్తవురాలే. తరువాత వచ్చే సమాచారం ఆ కోరికకు సాకు ఇచ్చిందే తప్ప దాన్ని పుట్టించలేదు.

‘మాలపిల్ల’తో పోలికకు కూడా ఒక జవాబుంది. ‘మాలపిల్ల’ తాను సంస్కరణ చిత్రమని చాటుకుని వచ్చింది, చూడటానికి వెళ్ళినవాడు దేనికి వెళ్తున్నాడో తెలిసి వెళ్ళాడు, ఇష్టం లేనివాడు వెళ్ళలేదు. ‘మిస్సమ్మ’కు ఆ హెచ్చరిక లేదు, భార్యాభర్తల తగువులు చూసి నవ్వుకుందామని పిల్లాపాపలతో బండి కట్టుకుని జగ్గయ్యపేట వచ్చిన ఆచారపరుడు, తనకు తెలియకుండానే ఒక హిందువు, ఒక క్రైస్తవురాలు కలవాలని రెండు గంటలు కోరుకున్నాడు. సంస్కరణ చిత్రం అప్పటికే సగం ఒప్పుకున్నవారిని పూర్తిగా ఒప్పిస్తుంది. హాస్యచిత్రం తలుపు వేసుకున్నవారి ఇంట్లోకి వెళ్తుంది, వెళ్ళినందుకు మూల్యం చెల్లిస్తుంది. పుట్టుమచ్చ ఆ మూల్యం.

గుర్తుపట్టే ఘట్టం హాస్యానికి విజయావారు తెచ్చిపెట్టిన దొంగదారి కూడా కాదు. సంస్కృత నాటకంలో దాన్ని అభిజ్ఞానం అన్నారు, అంటే ఆనవాలును బట్టి మనిషిని తెలుసుకోవడం. ఉంగరం చూసి శకుంతలను గుర్తించిన కథ ఆ పేరుతోనే నడిచింది. తప్పిపోయిన బిడ్డ దొరకడం హరికథ వినే జనానికి ఎన్నడూ మోసంగా తోచలేదు. జర్మనీలోనూ ఇలాంటి రూపాలే నవ్వించాయి: 1958లో కుర్ట్ హోఫ్‌మాన్ తీసిన ‘దాస్ విర్ట్స్‌హౌస్ ఇమ్ స్పెస్సార్ట్’, అంటే స్పెస్సార్ట్ అడవిలోని సత్రం, విల్హెల్మ్ హౌఫ్ కథ ఆధారంగా వచ్చిన సంగీత హాస్యచిత్రం, అందులో దొంగల బారి నుంచి తప్పించుకోవడానికి లీసెలోట్టె పుల్వెర్ నటించిన జమీందారు బిడ్డ మగవేషం వేస్తుంది. అదే ఏడాది అదే హోఫ్‌మాన్ ‘విర్ వుండర్‌కిండర్’ అనే చిత్రంలో, నాజీలకు ఊడిగం చేసినవాడు యుద్ధం తరువాత కూడా ఎలా వర్ధిల్లాడో నడుమ నడుమ పాటలతో ఎద్దేవా చేస్తూ చూపాడు. తేలిక చేయి ఉన్నవాడికి బరువు తెలియదనుకోవడం పొరపాటు.

ఆక్షేపకుడు: హోఫ్‌మాన్ రెండో చిత్రం తీశాడు. విజయావారి ‘విర్ వుండర్‌కిండర్’ ఏది?

సమర్థకుడు: సూటిగా జవాబు చెప్పాలంటే, అటువంటిది లేదు. ‘మిస్సమ్మ’ తరువాత ఆ సంస్థ ‘మాయాబజార్’ వైపు, ‘గుండమ్మ కథ’ వైపు వెళ్ళింది, మళ్ళీ మేరీ జోలికి పోలేదు. కానీ సంస్థ చరిత్రలో లేనిదాన్ని చిత్రం మీద మోపడం ఎంతవరకు న్యాయం? ఆ చిత్రంలో ఉన్నదాని గురించి మాట్లాడితే, మొదట మేరీగా ఎంపికైనది భానుమతి, కొంత చిత్రీకరణ అయ్యాక నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకుంటే, జమీందారు చిన్నకూతురు సీత వేషానికి తీసుకున్న సావిత్రి ఆ స్థానంలోకి వచ్చింది, సీత వేషం జమునకు దక్కింది. ‘దేవదాసు’తో 1953లో విషాదానికి మారుపేరయిన అక్కినేని కోరి ఆ డిటెక్టివు వేషం కట్టి తన మీద తానే జనాన్ని నవ్వించుకున్నాడు. ఇవన్నీ కలిసి వచ్చిన ఫలితం ఏమిటంటే, ముగింపు ఎలా ఉన్నా, తెలుగువారికి గుర్తుండిపోయిన మనిషి మూతి ముడిచిన మేరీ. కన్నవారి ఒడిలో చేరిన మహాలక్ష్మిని తలుచుకునేవారు అరుదు.

ఆక్షేపకుడు: జనానికి ఏది గుర్తున్నదన్నది చిత్రానికి యోగ్యతాపత్రం కాదు, జర్మనీ అనుభవం చెప్పేది అదే. 1962 ఫిబ్రవరిలో ఓబర్‌హౌజెన్ అనే పట్టణంలో జరిగిన లఘుచిత్రోత్సవంలో ఇరవై ఆరుగురు యువ చలనచిత్రకారులు ఒక ప్రకటన మీద సంతకాలు చేసి, తమ దేశపు పాత సినిమా చచ్చిపోయిందన్నారు, ఆ పాత సినిమాలో ముందు వరుసన ఉన్నవి ఈ పాటల చిత్రాలే. ఆ కోపంలో అతి ఉండవచ్చు, అన్యాయం కూడా ఉండవచ్చు. కానీ ఒక తరం తన తండ్రుల నవ్వును అనుమానించి చూసింది. తెలుగులో ఆ అనుమానం ‘మిస్సమ్మ’ దాకా రానేలేదు. ఆ చిత్రం పేరెత్తితే పాటలూ నటనా తప్ప వేరే చర్చ జరగదు. పైగా రావు వేషం కట్టిన కథానాయకుడు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామ ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టారు, ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే మిగిలింది. ఇటువంటి పూజ నడుమ ఆ పుట్టుమచ్చ మీద వేలు పెట్టేదెవరు?

సమర్థకుడు: పూజ నెపాన్ని ‘మిస్సమ్మ’ మీద వేయడం తగదు, ఎం.టి. రావు పాత్రలో దేవుడూ లేడు నాయకుడూ లేడు. ఒక మధ్యతరగతి యువకుడు భార్య కాని భార్య చేత చీవాట్లు తింటూ, ఆ చీవాట్లకు పాటతో బదులిస్తూ కాలం గడుపుతాడు, ఎన్.టి. రామారావు మీద తెలుగువారు పెట్టిన కిరీటాలన్నీ పక్కన పెట్టి చూడగలిగిన కొద్ది పాత్రల్లో అదొకటి. అనుమానించే తరం రాలేదన్న మాటకు కూడా సవరణ కావాలి. ఏడిద నాగేశ్వరరావు నిర్మించగా భారతీరాజా తీసిన ‘సీతాకోకచిలుక’ 1981లో వచ్చింది. బ్రాహ్మణ యువకుడు, క్రైస్తవ యువతి. పుట్టుమచ్చలు లేవు, తప్పిపోయిన బిడ్డలు లేరు, ఆ అమ్మాయి పుట్టుకతోనే క్రైస్తవురాలు. ‘మిస్సమ్మ’ ఆగిన చోటు నుంచి తెలుగు తెర ముందుకు నడిచిందనడానికి అంతకంటే నిదర్శనం ఏం కావాలి? ఇరవై ఆరేళ్ళ కింద ఆ జంట కలవాలని కోరుకోవడం అలవాటైన ప్రేక్షకులు ఉన్నందువల్లనే 1981 ప్రేక్షకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారని అంటే అతిశయోక్తి కాదు.

ఆక్షేపకుడు: ఆ నిదర్శనాన్ని చివరి దాకా చూడాలి. ‘సీతాకోకచిలుక’ ముగింపులో అబ్బాయి జంధ్యం తీసివేస్తాడు, అమ్మాయి సిలువ తీసివేస్తుంది. ఇద్దరూ మతాలు వదిలాకనే ఒకరికొకరు దక్కుతారు. 1872 చట్టం కోరినది సరిగ్గా అదే. హిందువుగా ఉండి అతడు, క్రైస్తవురాలిగా ఉండి ఆమె, ఎవరి పండుగ వారు చేసుకుంటూ ఒకే ఊళ్ళో కాపురం ఉండవచ్చునని 1954 చట్టం చెప్పిన చోటికి 1955 హాస్యమూ రాలేదు, 1981 గాంభీర్యమూ రాలేదు.

సమర్థకుడు: అలాగయితే ఆ అభియోగం హాస్యం మీదిది కాకుండా పోయింది. గంభీరంగా తీసినవారూ అక్కడే ఆగినప్పుడు, నవ్వించినవారిని వేరు చేసి బోనులో నిలబెట్టడానికి కారణం మిగలలేదు.

ఆక్షేపకుడు: ఒక్క కారణం మిగిలింది. గంభీరమైన చిత్రం తన ప్రేమికుల చేత ఏదో ఒకటి వదిలించింది, ఆ వదులుకోవడం ఎంత కష్టమో చూపింది. మేరీ వదులుకున్నదేమిటో ‘మిస్సమ్మ’ చూపలేదు. మేరీమాతకు పాడిన ఆ పాట ఆ తరువాత ఏమయిందో ఆ చిత్రం ఎవరికీ చెప్పలేదు.

సమర్థకుడు: చెప్పలేదు నిజమే. కానీ పాడించింది, అది కూడా సంక్రాంతికి, నిండిన హాలులో, అన్ని వాడలవారూ ఒకే నేల మీద కూర్చుని వింటుండగా.